మంట పోయిన కాళ్లు

సూర్యాపేటలో మా కుట్టు షాపుకు మధ్యాహ్నం పూట ఎవరూ రారు. ఆ వేళ ఒక పెళ్లికూతురి జాకెట్టుకు చేతులు ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. కోదాడలో అమ్మ ఇంటి పక్కన ఉండే కిరాణం వాళ్ల కోడలు. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. "అవసరానికి ఉంటుందక్కా" అని నా నంబరు తీసుకుంది కాబట్టి, పేరు చూడగానే ఏదో అవసరం పడిందని మిషన్ ఆపి ఎత్తాను.

"అక్కా, ఏమనుకోకండి. మీ అమ్మగారి మందు సీసా మా ఫ్రిజ్‌లో ఉంటుంది కదా. కొన్నాళ్లుగా అది ఉన్నచోటే ఉంది, కదలట్లేదు. అడిగితే 'నాకు తగ్గింది బిడ్డా' అంటున్నారు. పెద్దావిడ, నేనేం చెప్తాను అని ఊరుకున్నా. ఇవాళ చూస్తే కాలి మీద పుండు ఉందండీ. పుండు మీద ఈగలు వాలినా ఆవిడకి తెలీడం లేదు."

అమ్మ ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఏళ్ల తరబడి పొద్దునా సాయంత్రం ఆ కిరాణం వాళ్ల వంటింట్లోకి వెళ్లి, ఇన్సులిన్ సీసా తీసుకొచ్చి, పొట్టమీద సూది వేసుకుని, సీసా మళ్లీ అక్కడ పెట్టి రావడం ఆమె దినచర్య. అది మానేసిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. మిషన్ అలాగే వదిలి షట్టర్ దించాను. ఆటోలో బస్టాండుకు పోతుంటే గుర్తొచ్చింది, జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమ వైపు ఎక్కించానని. ఎక్కితే ఎక్కిందిలే అనుకున్నాను.

హైవే మీద బస్సు కోదాడ వైపు పోతున్నంత సేపూ నేను అమ్మతో మనసులోనే పోట్లాడుతూ ఉన్నాను. నాకు ముక్కు మీద కోపం. అమ్మకు మొండితనం. నాన్న బతికున్నప్పుడు మా ఇద్దరి మధ్య కూర్చుని, "మీ ఇద్దరి మాటలల్ల నాకు అన్నం దొరికేటట్టు లేదు" అనేవాడు. నాన్న మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ లారీ నడిపేవాడు. అందుకే పెన్‌పహాడ్ నుంచి వచ్చి మా వాళ్లు కోదాడలో స్థిరపడ్డారు. ఆయన పోయాక అమ్మ బజ్జీల బండి పెట్టుకుంది. సాయంత్రమైతే పొయ్యి ముందు నిలబడాల్సిందే.

అమ్మ గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అమ్మకు బైబిలు అల్మారాలో ఉండే పుస్తకం కాదు. పొద్దున్నే అది చదవనిదే నోట్లో ముద్ద పెట్టదు. చదివింది చేయకపోతే ఆ రోజంతా ముభావంగా ఉంటుంది. మాడిన నూనె మర్నాటికి వాడదు. "తినేటోనికి తెల్వకపోవచ్చు, పైనున్నోనికి తెల్వదా?" అంటుంది. ఇష్టం లేని చుట్టం గుమ్మంలోకి వచ్చినా, "అమ్మ ఇంట్ల లేదని చెప్పు" అనే మాట మా ఇంట్లో మేము ఎన్నడూ వినలేదు. మా వాడకట్టు పిల్లలంతా ఆ అబద్ధం హాయిగా ఆడేవాళ్లు. మాకు మాత్రం ఆ అదృష్టం లేకపోయింది.

అలాంటి మనిషి సాక్ష్యం చెప్పిందంటే మామూలు సంగతి కాదు. మా చర్చి సంఘాల్లో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. ఒకరు లేచి, కొంగు తలమీదికి లాక్కుని, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్తారు. కొడుకు పరీక్ష పాసైందీ, తప్పిపోయిన బర్రె దొరికిందీ, తాగే మొగుడు ఒక్కరోజు తాగకుండా ఇంటికొచ్చిందీ. చెప్పడం పూర్తికాగానే అందరూ "స్తోత్రం" అంటారు. ఒకసారి సంఘం ముందు చెప్పిన సాక్ష్యాన్ని మళ్లీ వెనక్కి తీసుకున్నవాళ్లను నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అమ్మకు చాలా కాలంగా అరికాళ్లు మంటలు. నిప్పుల మీద నిలబడ్డట్టు ఉందని బేసిన్‌లో నీళ్లు పోసుకుని కాళ్లు అందులో పెట్టుకునేది. సంఘమంతా ఆమె కోసం ఉపవాస ప్రార్థన చేసింది. మెల్లమెల్లగా మంట తగ్గింది. ఒకరోజు పొద్దున లేచేసరికి అసలు లేదు. ఆ ఆదివారం నేనూ కోదాడలోనే ఉన్నాను. అమ్మ లేచి, "నా ప్రభువు నా కాళ్ల మంట తీసేసిండు, నా షుగరును ముట్టి బాగు చేసిండు" అని చెప్తుంటే కళ్లనీళ్లు ఆగలేదు. స్తోత్రం అన్నవాళ్లందరిలో నా గొంతే పెద్దది.

సూది కూడా మానేసిందని మాత్రం నాకు చెప్పలేదు. అబద్ధం ఆడలేదు, అంతే. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

నేను వెళ్లేసరికి అమ్మ బజ్జీల పిండి కలుపుతోంది. కుడి కాలి బొటనవేలి మీద రూపాయి బిళ్లంత పుండు. అంచులు నల్లగా ఉన్నాయి.

"ఏందమ్మా గిది?"

"నూనె చుక్క పడ్డట్టున్నది. ఎప్పుడు పడ్డదో తెల్వలే. సూడు, మంట గూడ లేదు. దేవుడు నొప్పి మొత్తానికే తీసేసిండు." ఆమె ముఖంలో నిజంగా సంతోషం ఉంది. నాకు భయం వేసింది ఆ సంతోషాన్ని చూసే.

"సూది ఎందుకు ఆపినవ్?"

"బాగైందని సంఘంల చెప్పి, ఇంటికొచ్చి సూది పొడుచుకుంటె ఎట్లుంటది? దేవునికి ఒక ముఖం, డాక్టరుకు ఒక ముఖమా? ఆయన్ను అబద్ధికుణ్ణి చేసినట్టయితది."

ఇగ అరవడం మొదలుపెట్టాను. హిజ్కియా రాజు సంగతి తీశాను. దేవుడే బాగు చేస్తానని మాట ఇచ్చి, మళ్లీ అంజూరపు ముద్ద పుండు మీద వేయమని చెప్పించాడు కదా అన్నాను. తిమోతి కడుపునొప్పికి పౌలు మందు చెప్పలేదా అన్నాను. అమ్మ పిండి కలపడం ఆపలేదు. "మరి రక్తస్రావం ఉన్నామె సంగతో? డాక్టర్ల దగ్గర తిరిగి తిరిగి ఉన్నదంత ఊడ్చిపెట్టుకున్నదని రాసిలేదా?" అంది. వాక్యంతో అమ్మను గెలవడం నా తరం కాదని చిన్నప్పుడే తెలుసు. నాకు చదవడం నేర్పిందే ఆ పుస్తకంతో.

కాసేపు బయట మెట్ల మీద కూర్చున్నాను. కూర్చోలేక లేచాను. కిరాణం వాళ్ల కోడలు తలుపు సందులోంచి చూసి, ఏమైందన్నట్టు చెయ్యి ఊపింది. ఏమీ కాలేదన్నట్టు నేనూ ఊపాను. అప్పుడు తట్టింది నాకు. లోపలికి వెళ్లి నెమ్మదిగా అడిగాను.

"అమ్మా, ప్రభువు కుష్ఠురోగులను బాగు చేసినంక ఏం చెప్పిండు?"

అమ్మ చెయ్యి ఆగింది. "బాగైందో లేదో యాజకుని దగ్గరకు పోయి సూపించుకొమ్మన్నడు."

"మరి నువ్వు ఎవరికి సూపించుకున్నవ్?"

అమ్మ పిండిలోంచి చెయ్యి తీసింది. పిండి గిన్నె మీద మూత పెట్టి, చేతులు కడుక్కుని, పెట్టెలోంచి మంచి చీర తీసింది. తగ్గిందని డాక్టరు నోటితో చెప్పించుకోవడానికి పండుగకు పోతున్నట్టు తయారై నాతో సూర్యాపేట బస్సెక్కింది. దారిలో కొంగు చాటున పాట కూడా పాడుకుంది. నాకు ఆ పాట వింటుంటే ఒళ్లు మండింది. ఆమె నమ్మకం నిజం కావాలని నాకంటే ఎక్కువ కోరుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. కాదని నా కళ్లకు కనబడుతూనే ఉంది.

బస్సులో ఉండగానే తమ్ముడు ఫోటో పంపాడు. వాడు మిర్యాలగూడలో రైస్ మిల్లు మిషన్ ఆపరేటరు. వచ్చే ఆదివారం వాళ్ల ఊళ్లో ఉజ్జీవ కూటాలు, అంటే పెద్ద ప్రార్థన సభలు ఉన్నాయి. కోదాడ సంఘం పాస్టరు, మా అయ్యగారిదే ప్రసంగం. రోడ్డు పక్కన కట్టిన ఫ్లెక్సీలో కింద మూలన అమ్మ ముఖం, దాని కింద ఎర్ర అక్షరాలతో "స్వస్థత పొందిన సహోదరి సాక్ష్యం" అని ఉంది. "అమ్మ ఫ్లెక్సీల పడ్డదక్కా!" అని రాశాడు. అమ్మ ఫోటో చూసి సిగ్గుపడి, "నా ముక్కు ఇంత లావుంటదా?" అంది.

దవాఖానలో డాక్టరు పుండు చూసి, చేతి వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగరు చూశాడు. చేపల గాలం దారం లాంటి సన్నని దారపు ముక్క ఒకటి తీశాడు.

"కళ్లు మూసుకో అమ్మా. నేను కాలికి ఇది తగిలించినప్పుడల్లా 'ఊ' అను."

అమ్మ కళ్లు మూసుకుంది. ఆయన బొటనవేలి కింద తగిలించాడు. చిన్న వేలి కింద తగిలించాడు. అరికాలి మధ్యలో, మడమ మీద, వంగిపోయేంత గట్టిగా నొక్కాడు. అమ్మ బడిలో పిల్లలాగా కళ్లు గట్టిగా మూసుకుని ఎదురుచూస్తోంది. ఆయన రెండో కాలు కూడా పూర్తి చేశాడు.

"ఇగ మొదలుపెట్టండి సార్" అంది అమ్మ.

నేను గోడ వైపు తిరిగాను. డాక్టరు ఆ దారాన్ని పిక్కల పైకి తీసుకెళ్లి అక్కడ తగిలించాక అమ్మ "ఊ" అంది. కళ్లు తెరిచి, దారం ఎక్కడుందో చూసి, నా వైపు చూసింది.

"మంట తగ్గలేదమ్మా" అన్నాడాయన. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మంట తెలిపే నరం మొద్దుబారింది. షుగరు చాన ఎక్కువున్నది. పుండు లోపలికి పోతున్నది. ఈ రోజే దవాఖానల చేరాలె. ఆ వేలు తీసేయాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే పాదం, ఇంకా ఆలస్యం చేస్తే నేను చెప్పలేను."

అమ్మ చాలాసేపు తన కాళ్లనే చూసుకుంది. తర్వాత, "ఆదివారం దాటినంక చేరుత సార్" అంది.

అది శుక్రవారం. నేను దవాఖానలోనే గొడవ పెట్టుకున్నాను, నర్సులు వచ్చి చూసేంత గట్టిగా. డాక్టరు పుండు కడిగి, కట్టుకట్టి, మాత్రలు రాసి, సూది ఈ రోజు నుంచే మొదలుపెట్టాలని నాతో మరీ మరీ చెప్పాడు. అమ్మ మాత్రలకు ఒప్పుకుంది. సూదికి ఒప్పుకోలేదు.

"పదిమంది ముందు చెప్పిన మాట పదిమంది ముందే వాపసు తీస్కోవాలె. అప్పటిదాక చాటుంగ సూది ఏసుకోను. జర ఓపిక పట్టు బిడ్డా."

"నీ కాలు పోతదే!"

"ఒంటి కాలుతోనైన ఆయన రాజ్యంల అడుగుపెట్టొచ్చని ఆయనే అన్నడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకటి మాత్రం అర్థమైంది. బాగైందని నమ్మి సూది మానేసిన అమ్మ, బాగు కాలేదని తెలిశాక కూడా వేసుకోవడం లేదు. మొదటిది తెలియక. రెండోది నిజం కోసం. ఏదైతేనేం, సూది పడటం లేదు. ఈ విశ్వాసమే ఆమెను ఇంతకాలం నిలబెట్టింది, నాన్న పోయినప్పుడు ఇదే నిలబెట్టింది. ఇప్పుడు ఇదే ఆమె కాలు తినేస్తుందా అని నాకు దిగులు పట్టుకుంది.

సూర్యాపేటలో మా ఇంటికి వచ్చాక అమ్మ పాట ఆగిపోయింది. కుర్చీలో కూర్చుని కట్టు కట్టిన కాలిని ముందుకు చాపుకుని కిటికీలోంచి చూస్తూ ఉండేది. ఒకసారి మాత్రం అడిగింది.

"ఆ పొద్దు మంట లేదని లేస్తె నాకు కలిగిన సంతోషం అబద్ధమా? అప్పుడు నేను మోకాళ్ల మీద పడి ఏడ్చిన. ఆయన నా పక్కన కూసున్నట్టే అనిపించింది. అప్పుడు నా నరం చచ్చిపోతున్నదా?"

మిషన్ దగ్గరికి పోయి కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కలేదు. వీధి చివరి దాకా నడిచి, వెనక్కి వచ్చి, మళ్లీ నడిచాను. ప్రార్థన చేద్దామని మోకరిస్తే ప్రార్థన రాలేదు, తగాదా వచ్చింది. అమ్మ తెలియక చెప్పిన మాటకు ఇంత శిక్షా? నిన్ను మెచ్చుకున్నందుకా? కొంచెం మంట మిగిల్చి ఉంటే నీ సొమ్మేం పోయేది? ఇలా అడుగుతూ పోయాను. కానీ తిట్టడానికైనా నేను వెళ్లింది ఆయన దగ్గరికే. ఆయన లేడన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. అది నాకు తర్వాత తోచింది.

అమ్మకు ఇంకొక దిగులు ఉంది. కిరాణం వాళ్ల కోడలు. తరతరాలుగా పూజలు చేసే ఇల్లు వాళ్లది. అమ్మ కాళ్లు బాగయ్యాయన్నాక ఆ పిల్ల ఒకటి రెండుసార్లు స్త్రీల ప్రార్థనకు వచ్చి వెనకాల కూర్చుంది. "నా మాట నమ్మి వచ్చిందే. ఇప్పుడు ఆమె ముందు ఏ ముఖం పెట్టుకోవాలె?" అని అమ్మ బాధ. చివరికి నాతోనే ఫోన్ చేయించి, స్పీకరు పెట్టించి, జరిగిందంతా చెప్పింది.

ఆ పిల్ల, "మీకు తగ్గిందని నేనెప్పుడు నమ్మాను పిన్నిగారూ? మా మామగారికీ షుగరే కదండీ" అంది.

అమ్మ నోరు తెరిచింది. "నమ్మకపోతె మరి ఎందుకొచ్చినవే?"

"మీరు పిలిచారని వచ్చానండి. ఇంత దూరం కాపురానికి వచ్చాక ఇంకెవరూ పిలవలేదు నన్ను, గోడ పక్కన ఉండి కూడా."

అమ్మకు మొదట చిన్నతనంగా అనిపించింది. మర్నాడు పొద్దున తనలో తనే నవ్వడం చూశాను. "ఎంత గడుసుది సూడు" అంది.

శనివారం అయ్యగారు వచ్చారు. నేనే కబురు పెట్టాను. నా తమ్ముడి వయసు ఆయనది. రాగానే దులిపేద్దామని మాటలన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. కానీ అమ్మ కట్టు చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. ఆ ముఖం చూశాక నా నోరు సగం మూతపడింది.

"మీరు సూది ఆపారని నాకు తెలియదు అమ్మగారూ. తెలిస్తే ఆపనిచ్చేవాణ్ణి కాదు" అన్నారు. కొంచెం సేపు వేళ్లు నలుపుకున్నారు. "రేపు సాక్ష్యం లేదని చెప్పేస్తాను. ఒంట్లో బాగాలేదంటాను. మీరు దవాఖానలో చేరండి."

"బాగాలేదంటె అది నిజమే" అంది అమ్మ. "కానీ ముందు చెప్పింది అట్లనే నిజంగ మిగిలిపోతది గద అయ్యగారూ?"

"చెప్తే విశ్వాసంలో చిన్నవాళ్లు తొట్రుపడతారేమో అని నా భయం."

"తప్పు మాట మీద నిలబడ్డోళ్లు ఎప్పటికైన పడేటోళ్లే. ఇప్పుడు పడితె లేపటానికి మీరున్నరు."

ఆయన తల దించుకుని ప్రార్థన మొదలుపెట్టారు. మామూలుగా ఆయన ప్రార్థన వాగులా సాగుతుంది. ఆ రోజు మధ్యలో మాట ఆగిపోయింది. చివరికి ఆమేన్ అన్నది అమ్మే. తమ్ముడు ఫోన్ చేసి, "మిల్లోళ్లంత వస్తున్నరక్కా, అమ్మ పరువు ఏమైతది?" అంటే వాడి మీద పడింది నేను అయ్యగారి కోసం దాచుకున్న తిట్ల మూట.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు కారు కిరాయికి తీసుకుని వచ్చాడు. డాక్టరు రాసిన ఇన్సులిన్ సీసాను మంచుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని నేను వెనక కూర్చున్నాను. అమ్మకు కాస్త జ్వరం తగులుతోంది. పెన్‌పహాడ్ వైపు పోయే దారి కనబడితే మా పాత ఊరి దిక్కు తల తిప్పి చూసింది. ఇరువైపులా వరి. నాకు ఏదీ కంటికి ఆనలేదు. ఎన్నిసార్లు వెనక్కి తిప్పమని అందామనుకున్నానో, అన్నిసార్లు అమ్మ ముఖం చూసి ఊరుకున్నాను. మిర్యాలగూడ వచ్చిందని మిల్లుల్లో ఉడికే వడ్ల వాసనతో తెలిసింది. ఫ్లెక్సీలో అమ్మ నవ్వుతోంది. కారులో అమ్మ వణుకుతోంది.

షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. పాటలు అయ్యాక అయ్యగారు మైకులో, "మన సహోదరి ఒక మాట చెప్తారు" అన్నారు. స్వస్థత అనే మాట ఆయన వాడలేదు. తమ్ముడి భుజం పట్టుకుని, చెప్పు లేని కట్టు కాలితో అమ్మ వేదిక ఎక్కింది. కొంగు తల మీదికి లాక్కుంది. కీబోర్డు వాయించే ఆయన సాక్ష్యాల కింద ఎప్పుడూ వినిపించే మెత్తని రాగం ఎత్తుకున్నాడు.

"అందరికీ వందనాలు. కోదాడ సంఘంల నేను ఒక సాక్ష్యం చెప్పిన. అది విని నన్ను ఈడికి పిలిచిన్రు. నా కాళ్ల మంట పోయిందన్న. మంట పోయింది నిజమే. దేవుడు నా షుగరు బాగు చేసిండని గూడ అన్న. అది నిజం గాదు."

ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అని, మధ్యలోనే మింగేశారు. కీబోర్డు ఆగిపోయింది. ఇలాంటి చోట ఏ రాగం వాయించాలో పాపం ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"డాక్టరు సూసిండు. నా కాళ్లు మొద్దుబారినయట. అందుకే మంట తెల్వట్లేదట. నా మనసుల ఉన్న కోరికను నేను దేవుని మాట అని చెప్పిన. సూది బంజేసిన. పుండైంది. ఆయన చెప్పని మాట ఆయన మీద పెట్టిన. మీ అందరి ముందు ఆ మాట వాపసు తీస్కుంటున్న. నన్ను సూసి ఎవరన్న మందు ఆపితె, నన్ను క్షమించి, ఇయ్యాలనే మల్ల మొదలుపెట్టున్రి."

నేను మొదటి వరుసలో ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరైనా ఒక్క మాట తప్పుగా అంటే లేచి మీద పడేదాన్నే. ఎవరూ అనలేదు. అమ్మ మైకు ఇచ్చేయబోయి, మళ్లీ దగ్గరికి తీసుకుంది.

"ఇంకొక్క మాట. ఆయన మన పాపాల కోసం సిలువ మీద చచ్చిపోయి, మూడో దినాన లేచిండు. లేచినంక గూడ చేతుల గాయాలు పోలే. శిష్యునికి అవే సూపించి, నేనే అన్నడు. గాయాలున్న దేవుని దగ్గరకు నేను గాయం లేదని చెప్పుకుంట పోవాలనుకున్న. గంత తెలివిలేనిదాన్ని. ముందట కూసున్న ఈ బిడ్డను కడుపుల మోసుకుంట ఒకనాడు నేను బాప్తిస్మం తీసుకున్న. నా పాపం ఆయన క్షమించిండు, నన్ను బిడ్డ అన్నడు అని ఆ పొద్దు సాక్ష్యం చెప్పిన. అది మాత్రం వాపసు తీస్కోను. నా వేలు తీసేసినా తీస్కోను, కాలు తీసేసినా తీస్కోను."

దిగింది. ఎవరూ స్తోత్రం అనలేదు. అనాలో వద్దో వాళ్లకు తెలియలేదనుకుంటాను. అయ్యగారు మైకు పట్టుకున్నారు. రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టి, "ముందు మనం ఒప్పుకోలు ప్రార్థన చేద్దాం. నాతో మొదలుపెడతాను" అన్నారు. వెనక వరుసల్లో ఒకావిడ ఏడుపు వినిపించింది. ఆమె ఏం ఆపిందో, ఏం దాచిందో నాకు తెలియదు.

నాకు మాత్రం ఆగే ఓపిక లేదు. అమ్మను నడిపించుకుని వేదిక వెనక, వంటవాళ్లు గిన్నెలు దించుతున్న చోట ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాను. ఫ్లాస్కు తెరిచాను. సీసా తీశాను. ఇంతకాలం బట్టల్లో సూది దించిన చేత్తో, గీతలు రెండుసార్లు సరిచూసుకుని సిరంజిలోకి మందు ఎక్కించాను. రాత్రికి దవాఖాన, పొద్దున ఆపరేషన్, ఇవన్నీ బుర్రలో తిరుగుతున్నాయి. ఆ వేలు తర్వాత తీసేశారు. పాదం దక్కింది. అప్పుడు మాత్రం ఏది దక్కుతుందో ఏది పోతుందో నాకు తెలియదు.

"ఆగు" అంది అమ్మ.

మళ్లీ ఏం మెలిక పెడుతుందోనని సూది పట్టుకుని ఆగాను. అమ్మ తల వంచి, కళ్లు మూసుకుని, అన్నం ముందు చేసే ప్రార్థన చేసింది. ఇచ్చినందుకు వందనాలు, దీన్ని ఆశీర్వదించు, లేనివాళ్లకు కూడా ఇవ్వు. ఆ మాటల్లో ఒక్కటి కూడా మార్చలేదు. ఆమేన్ అని, చీర కుచ్చిళ్ల పక్కన పొట్ట మీది బట్ట కొంచెం జరిపింది.

"ఊ, పొడువు."

నేను పొడిచాను.

"అబ్బా! సుర్రుమన్నదే" అంది అమ్మ.

నొప్పి తెలిసింది. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అమ్మ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, ఆ సాయంత్రం ఎవరూ అనని మాట తనే అంది.

"స్తోత్రం."